పాలాయన చెప్పిన టైము

గుంటూరు బ్రాడీపేటలో నాకో చిన్న డీటీపీ సెంటర్ ఉంది, ఇరవై ఏళ్ళ పైనుంచి అదే బతుకు. జిరాక్సులు, పెళ్ళికార్డులు, కోర్టు కాగితాలు, వీటన్నిటికంటే ఎక్కువగా మెడికల్ కాలేజీ పీజీ పిల్లల థీసిస్‌లు. ఒక పదేళ్ళ కిందట ఒకమ్మాయి పక్షవాతం మీద థీసిస్ తెచ్చింది. చేతిరాత సంగతి చెప్పక్కర్లేదు, డాక్టరు రాత. అందులో పేజీకి నాలుగుసార్లు పెనంబ్రా పెనంబ్రా అని వస్తుంది, నేనేమో ఒకచోట పెనంబర అని ఇంకోచోట పెనాంబ్ర అని కొట్టుకుంటూ పోయా, కంప్యూటర్ అన్నిటి కిందా ఎర్రగీత పెడుతుంటే సరే దానిక్కూడా తెలియదు కాబోలు అని వదిలేశా. ప్రూఫ్ చూసేటప్పుడు ఆ అమ్మాయి తల పట్టుకుంది. నూట నలభై చోట్ల మార్చాల్సొచ్చింది. అసలేంటమ్మా ఇది అనడిగితే "చచ్చిపోలేదు అంకుల్, అలాగని పనీ చెయ్యట్లేదు, అట్లాంటి మెదడు ముక్క" అంది. నేను ఆహా అని బైండింగుకి పంపేశా.

ఆ మాట మళ్ళీ మొన్న ఫిబ్రవరిలో విన్నా. ఈసారి మా మావయ్య గురించి.

మావయ్యకి 71. మిర్చియార్డులో ఒక కమిషన్ కొట్లో నలభై ఏళ్ళు గుమాస్తాగా చేశాడు, మానేసి ఆరేళ్ళయినా రోజూ పొద్దున్నే ఎవడో ఒకడికి ఫోన్ చేసి ఇవాళ తేజా మిర్చి ఎంత, బ్యాడిగి మిర్చి ఎంత అని కనుక్కోకపోతే తోచదు. గుజ్జనగుండ్లలో ఇల్లు. బీపీ ఉంది, మాత్ర గుర్తొచ్చినప్పుడు వేసుకుంటాడు, అంటే గుర్తు రాదు. అత్తయ్య ఆరింటికి లేస్తుంది, మావయ్య ఐదింటికే లేచి గేటు తీసి పాలు పోయించుకుని, గిన్నె స్టవ్ పక్కన పెట్టి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆ రోజు అత్తయ్య లేచి కాఫీ కలిపి తెచ్చి చేతికిస్తే గ్లాసు కుడిచేతిలోంచి జారి కింద పడింది. మావయ్య కంగారు కూడా పళ్ళేదట, ఆ చెయ్యి తనది కానట్టు దానివైపు చూస్తూ కూర్చున్నాడట. అత్తయ్య "ఏందయ్యా నిద్రమత్తు" అంటే ఏదో చెప్పబోయాడు, "అదే... అదే..." తప్ప రాలేదు. అప్పుడు చూసింది, మూతి ఎడమపక్కకి లాగేసి ఉంది.

నాకు ఫోన్ వచ్చేసరికి 6:20. నేను వెళ్ళేలోపు జరగాల్సినవన్నీ జరిగిపోయాయి. ఎదురింటావిడ స్పూనుతో నీళ్ళు పోసింది, అవి పొలమారి దగ్గు. వీధిలో ఉండే ఆర్ఎంపీ వచ్చి బీపీ చూస్తే 190 ఉందట, అమ్మో అని నాలుక కింద ఏదో మాత్ర పెట్టాడు. ఒకాయన పావురం రక్తం రాస్తే చెయ్యి లేస్తుందన్నాడు, పావురం ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాడు పాపం. ఒక్కరికీ 108కి కొట్టాలని తోచలేదు, నాక్కూడా తోచలేదు, ఆటో ఎక్కించి దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోముకి పట్టుకెళ్ళా. వాళ్ళు పడుకోబెట్టి సెలైన్ పెట్టి, స్కానింగు అతను తొమ్మిదింటికి వస్తాడండీ, డాక్టరుగారు కూడా దార్లో ఉన్నారు అన్నారు. నేను కూర్చున్నా! నిజంగా కూర్చున్నా, నలభై నిమిషాలు, టీ కూడా తాగా. షాపుకి వచ్చే పీజీ కుర్రాడు ఒకడికి ఎందుకో ఫోన్ చేస్తే వాడు "అంకుల్ సీటీ లేని చోట ఏం చేస్తున్నారు, సెలైన్ పీకించుకుని కొత్తపేట వచ్చేయండి, ఇప్పుడే" అని అరిచాడు. ఆ అరుపు వినకపోతే తొమ్మిదిదాకా అక్కడే ఉండేవాణ్ని.

కొత్తపేటలో ఇంకో ఆసుపత్రికి చేరేసరికి 7:50. అక్కడ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న ఏంటంటే బీపీ ఎంత, షుగరుందా అని కాదు (షుగరు అప్పటికే సిస్టర్ వేలు గుచ్చి చూసేసింది, షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఉంటుందట). "ఈయన మామూలుగా ఉండగా చివరిసారి చూసిందెవరు, ఎన్నింటికి?"

ఆరింటికండీ, ఆరుంపావుకి గ్లాసు పడింది అన్నా. అది మీరు గమనించిన టైము, నేనడిగేది బాగున్నప్పటి టైము అన్నాడాయన. అత్తయ్యని అడిగితే రాత్రి తొమ్మిదిన్నరకి పడుకునేటప్పుడు బాగానే ఉన్నాడయ్యా అంది. ఆయన మొహం మారిపోయింది. ఎందుకో అప్పుడు నాకు తెలియదు. మెదడు నరంలో అడ్డంపడ్డ రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, ఆ గంటలు లెక్కపెట్టేది మనం చూసినప్పట్నుంచి కాదు, మనిషి బాగున్నాడని గట్టిగా చెప్పగలిగిన ఆఖరి క్షణం నుంచి. రాత్రి తొమ్మిదిన్నర అయితే అప్పటికే పదిగంటలు దాటినట్టు, ఇంజెక్షన్ లేదన్నట్టే.

అప్పుడు అత్తయ్య అంది, పాలు పోయించుకున్నాడుగా అని.

పాలాయన నంబర్ వాళ్ళింట్లో గోడ క్యాలెండర్ మీద రాసి ఉంటుంది, ఏ రోజు ఎంత పోశాడో కూడా దానిమీదే గళ్ళలో టిక్కులు. పక్కింటి పిల్లాడు వెళ్ళి చూసి చెప్పాడు. ఫోన్ చేస్తే పాలాయన ఎక్కడో వికాస్ నగర్‌లో క్యాను దించుతున్నాడు. "మావా? బానే ఉన్నాడే! తేజా రేటు పడిపోయిందని రైతుని తిట్టాలో యాపారిని తిట్టాలో తెలవక నన్ను తిట్టాడు. నేను మూత మర్చిపోయి పోతంటే ఎనక్కి పిలిచి చేతికిచ్చాడు." ఎన్నింటికి? వాచీ చూళ్ళేదు గానీ మీ వీధి చివర గుళ్ళో ఐదున్నరకి మైకు పెడతారు, అది మొదలవకముందే మీ ఇల్లు దాటా అన్నాడు. డాక్టరు ఫోన్ తీసుకుని తనే ఇంకోసారి అడిగి కేస్ షీటులో 5:20 అని రాశాడు. ఆ అంకె రాసి కింద గీత కొట్టడం నేను చూశా.

అప్పట్నుంచి అక్కడ జనం నడవలేదు, పరిగెత్తారు. 8:05కి సీటీ. సీటీ నార్మల్ అన్నారు, నేను హమ్మయ్య అనుకుని అత్తయ్యకి చెప్పేశా కూడా ఏం లేదంట అని. తప్పు. రక్తం అందక వచ్చే స్ట్రోకులో మొదటి కొన్ని గంటలు మామూలు సీటీలో పెద్దగా ఏమీ కనపడకపోవచ్చు. సీటీ తీసేది ముఖ్యంగా నరం చిట్లి లోపల రక్తం కారిందేమో చూడ్డానికి, ఎందుకంటే రెండిటికీ బయట లక్షణాలు ఒకటే, మూతి, చెయ్యి, మాట, వైద్యమేమో పూర్తిగా తిరగేసి. గడ్డ అడ్డం పడ్డవాడికి కరిగించే మందు ఇవ్వాలి, అదే మందు నరం చిట్లినవాడికిస్తే చంపేసినట్టే. ఇంట్లో ఆస్పిరిన్ మింగించెయ్యడం కూడా అందుకే వద్దంటారు, గుండెపోటుకి పనికొచ్చిన తెలివి ఇక్కడ పనికిరాదు.

8:40కి ఇంజెక్షన్ మొదలైంది. ఆల్టెప్లేస్. కిలోకి 0.9 మిల్లీగ్రాముల లెక్కన 62 కిలోలకి 55.8, అందులో పదో వంతు ఒక్కసారిగా తోసేసి మిగతాది గంటసేపు పంపులో. నా సంతకం తీసుకున్నారు, వందమందిలో ఆరుగురికి దాకా మెదడులో రక్తస్రావం కావచ్చు, ఒప్పుకుంటున్నారా అని. పెళ్ళికార్డులో అచ్చుతప్పుకి కూడా రెండుసార్లు అడిగే నేను ఆ కాగితం చదవకుండా పెట్టేశా. తర్వాత తెలిసిన సంగతి, ఈ మందు స్ట్రోకుకి పనిచేస్తుందని రుజువైంది 1995లో అమెరికాలో జరిగిన ట్రయల్‌తో, అప్పుడు మూడుగంటల్లోపు అన్నారు, 2008లో ఇంకో ట్రయల్ దాన్ని నాలుగున్నర చేసింది. ఆ గంటన్నరలోనే ఉన్నాడు మా మావయ్య, మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇప్పుడు టెనెక్టెప్లేస్ అని ఒకే పోటులో ఇచ్చేది కూడా వచ్చింది, పంపూ గిట్రా అక్కర్లేదు.

ఐసీయూ బయట కూర్చున్న ఆ రెండు రోజుల్లో నన్ను తినేసిన ప్రశ్న ఒకటి ఉంది. గుండె ఆగిపోతే పది సెకన్లలో స్పృహ పోతుంది, నాలుగైదు నిమిషాల్లో మెదడు పాడవడం మొదలవుతుంది అంటారు కదా. మరి మావయ్య మెదడులో రక్తం ఆగి మూడుగంటలు దాటాక ఇంజెక్షన్ ఇచ్చి ఏం లాభం, అప్పటికే అంతా అయిపోలేదా? నన్ను అరిచిన ఆ పీజీ కుర్రాడు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, నా జేబులో ఉన్న జిరాక్స్ బిల్లు వెనక గీసి చెప్పాడు.

మెదడు బరువు ఒంట్లో వందకి రెండు వంతులు, వాడేసే ఆక్సిజన్ మాత్రం దాదాపు ఇరవై వంతులు. పైగా దాచుకోవడం తెలియదు, మా షాపులో యూపీఎస్ ఉన్నట్టు దానికి బ్యాటరీ ఉండదు. మామూలుగా వంద గ్రాముల మెదడుకి నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం పోవాలి. అది ఇరవైకి తగ్గితే ఆ కణాలు పని మానేస్తాయి, మాట పోతుంది, చెయ్యి పోతుంది, కానీ చావవు, ఉన్న కాస్త రక్తంతో ప్రాణం మాత్రం నిలుపుకుంటాయి. పదికి పడిపోతే ఇక నిమిషాల్లో చచ్చిపోతాయి. గుండె ఆగితే అంతటా సున్నా. కానీ ఒక నరంలో గడ్డ అడ్డం పడినప్పుడు అంతటా సున్నా కాదు, సరిగ్గా ఆ నరం మీదే బతికే నడిమి భాగం మొదట పోతుంది, దాని చుట్టూ ఉన్నదానికి పక్క నరాల కొసల్నుంచి కొంచెం కొంచెం అందుతూ ఉంటుంది.

నాకు ఇది చెరుకుపల్లి దగ్గర మా తాత పొలంలాగా అర్థమైంది. కాలవ తెగితే దాని మీదే ఉన్న మడి ఎండిపోద్ది, పక్క బోదె నుంచి ఊట వచ్చే మడిలో పైరు వాడిపోయి పసుపెక్కుతుంది గానీ వేరు బతికే ఉంటుంది. సాయంత్రానికి నీళ్ళు వదిలితే తెల్లారేసరికి లేచి నుంచుంటుంది, రెండ్రోజులాగితే అదీ పోద్ది. ఆ వాడిపోయిన మడే పెనంబ్రా. గ్రహణం గురించి చెప్పేటప్పుడు ఉపచ్ఛాయ అంటామే, పూర్తి చీకటీ కాదు వెలుగూ కాదు, ఆ మాటే. ఆస్ట్రప్, సీజో, సైమన్ అనే ముగ్గురు 1981లో రాసిన వ్యాసంతో ఆ పేరు స్థిరపడిందట. నేను నూట నలభై చోట్ల తప్పు కొట్టింది దీన్నే.

ఆర్ఎంపీ పెట్టిన మాత్ర సంగతి అప్పుడు అర్థమై ఒళ్ళు మండింది. పక్క బోదెలోంచి నీళ్ళు ఎక్కాలంటే ఒత్తిడి ఉండాలి, అందుకే శరీరం తనే బీపీ పెంచుకుంటుంది. ఇంజెక్షన్ ఇవ్వాలంటే 185/110 కిందికి తేవాలి గానీ అది ఆసుపత్రిలో, నెమ్మదిగా, చూసుకుంటూ. ఇంజెక్షన్ ఇవ్వని వాళ్ళకైతే చాలాసార్లు 220 దాటేదాకా మొదటిరోజు ముట్టుకోరు. నాలుక కింద మాత్ర పెట్టి ఢమాల్న పడేస్తే ఆ వాడిన మడికి వచ్చే ఊట కూడా ఆగిపోద్ది. కొత్తపేట చేరేసరికి మావయ్య బీపీ 130కి దిగిపోయింది, డాక్టరు "ఎవరు పెట్టారు ఇది" అని నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆర్ఎంపీని అనడం తేలిక, ఆయన రాత్రీ పగలూ పిలిస్తే వస్తాడు, ఆయనకెవరు చెప్పారు ఇవన్నీ.

ఇంకో లెక్క కూడా చెప్పాడు కుర్రాడు, చెప్పకుండా ఉంటే బాగుండేది. పెద్ద నరం మూసుకుంటే నిమిషానికి సగటున 19 లక్షల న్యూరాన్లు పోతాయని 2006లో ఒకాయన లెక్కగట్టాడు. నేను నర్సింగ్ హోములో టీ తాగిన నలభై నిమిషాలకి ఏడు కోట్ల అరవై లక్షలు. మావయ్యది అంత పెద్ద నరం కాదులే అంకుల్ అన్నాడు తర్వాత, నా మొహం చూసి.

అసలు కణం ఎట్లా చస్తుందో అది ఇంకా విచిత్రం. ఆకలికి మాడి కాదు, ఒక రకంగా మునిగి చస్తుంది. కణం గోడలో సోడియాన్ని బయటికి తోసే పంపులుంటాయి, అవి ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి, మెదడు కరెంటు బిల్లులో పెద్ద వాటా వాటిదే. శక్తి లేక అవి ఆగితే సోడియం లోపలికి వచ్చేస్తుంది, దాని వెనకే నీళ్ళు, కణం ఉబ్బుతుంది. ఆ గొడవలో గ్లుటమేట్ అనే రసాయనం బయటికి ఒలికిపోద్ది. మామూలప్పుడు ఒక కణం ఇంకో కణంతో మాట్లాడేది దాంతోనే, కొంచెం కొంచెంగా. ఇప్పుడు ఒక్కసారిగా అంతా ఒలికితే పక్క కణాల్ని ఆపకుండా తట్టి లేపుతూనే ఉంటుంది, వాటిలోకి కాల్షియం వరదలా దూరుతుంది, దాంతో లోపలుండే ఎంజైములు సొంత ఇంటినే కోసుకు తినేస్తాయి. అంటే చస్తున్నవాడు పక్కవాణ్ని కూడా లాక్కుపోతాడు. పక్కవాడు ఎవరు, ఆ వాడిపోయిన మడిలో ఉన్నవాడే, అసలే నీరసంగా ఉన్నాడు.

పోనీ నీళ్ళు వదిలేస్తే అయిపోయిందా అంటే అదీ కాదు. గంటల తరబడి ఎండిన గట్టు మీద ఒక్కసారిగా నీళ్ళు వదిలితే గండి పడుతుంది చూడండి, రక్తనాళాల గోడలు కూడా అంతే, ఆలస్యమైనకొద్దీ బలహీనపడతాయి, అప్పుడు దారి తెరిస్తే లోపలికి రక్తం కారుతుంది, పైగా ఆక్సిజన్ తిరిగొచ్చినప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ ఇంకాస్త పాడుచేస్తాయి. నాలుగున్నర గంటల గీత ఊరికే గీసింది కాదు, అటుపక్క లాభం తగ్గుతూ ఇటుపక్క ప్రమాదం పెరుగుతూ కలిసే చోటు అది.

మరి గ్లుటమేట్‌ని ఆపే మందు, కాల్షియంని ఆపే మందు ఇచ్చేస్తే పోలా? నాకూ అదే అనిపించింది, నాకే తడితే సైంటిస్టులకి తట్టదా. తట్టింది. 2006లో ఎవరో కూర్చుని లెక్కపెడితే అప్పటిదాకా మెదడు స్ట్రోకుకి పరీక్షించిన వైద్యాలు 1,026 తేలాయట. ఎలుకల్లో చాలావరకు బ్రహ్మాండం, మనుషుల దగ్గరికొచ్చేసరికి బోర్లా. ఎన్ఎక్స్‌వై-059 అని ఒకటి మొదటి పెద్ద ట్రయల్‌లో పనిచేస్తున్నట్టే కనపడింది, 2007లో ఇంకా పెద్ద రెండో ట్రయల్‌లో తుస్సుమంది. మెగ్నీషియం అంబులెన్సులోనే ఎక్కించి చూశారు, 2015లో అదీ లేదని తేలింది. ఎందుకిట్లా అంటే కుర్రాడు నవ్వాడు, ల్యాబులో ఎలుక వయసులో ఉంటుంది, బీపీ ఉండదు, నరం కట్టిన టైము గడియారం పెట్టి తెలుసు, మందు నిమిషాల్లో పడుతుంది, మీ మావయ్యకి 71, టైము చెప్పడానికి పాలాయన కావాల్సొచ్చింది.

డిశ్చార్జి చీటీలో మెదడు కణాల్ని కాపాడుతుందని రాసే సిటికోలిన్ మాత్రలు కూడా ఉన్నాయి, మన దగ్గర స్ట్రోకు అంటే అవి రాయని చీటీ తక్కువ. దాని మీద 2012లో సుమారు 2,300 మందితో చేసిన ట్రయల్‌లో ఉత్తుత్తి మాత్రకీ దానికీ తేడా రాలేదు. ఇది తెలిశాక డాక్టర్ని అడిగా, కొంచెం భయంగానే. ఆయన దాచలేదు, పెద్ద ఆధారం లేదండీ, హాని కూడా లేదు, మీకు భారమైతే అది ఆపి ఆ డబ్బులు ఫిజియోకి పెట్టండి, రక్తం పల్చబడే మందు మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దు అన్నాడు. నాకు ఆ ముక్క నచ్చింది. ఆపేశాం, డాక్టరు చెప్పాక.

చల్లబరచడం అనే ఇంకో దారి ఉంది. ఒళ్ళు చల్లబడితే మెదడుకి ఖర్చు తగ్గుతుంది కదా. పుట్టగానే ఊపిరందని పసిపిల్లల్ని పుట్టిన ఆరుగంటల్లోపు మొదలుపెట్టి 33.5 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచితే మేలు జరిగిందని డబ్బున్న దేశాల్లో తేలింది. అదే పని ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో చేసి చూస్తే 2021లో వచ్చిన ఫలితం తిరగబడింది, చల్లబరచిన పిల్లల్లోనే చావులు ఎక్కువ. ఒకచోట నిలిచింది ఇంకోచోట నిలవకపోవడం అంటే ఇదే. మావయ్యలాంటి స్ట్రోకు వాళ్ళకైతే ఇంకా అక్కరకొచ్చినట్టు రుజువు లేదు. జ్వరం మాత్రం రానివ్వకూడదు, రెండోరోజు వందకి పోతే సిస్టర్లు వెంటనే దింపారు.

నిజంగా ఆట మార్చింది ఏంటంటే తొడ దగ్గర నరంలోంచి తీగ పంపి మెదడు దాకా వెళ్ళి గడ్డని పట్టుకుని బయటికి లాగేయడం, థ్రాంబెక్టమీ. 2015లో ఒకదాని వెనక ఒకటి ఐదు ట్రయల్స్ వచ్చి ఇది పనిచేస్తుందని తేల్చేశాయి, 2018లో ఇంకో రెండు వచ్చి, స్కానింగులో వాడిన మడి ఇంకా మిగిలుందని కనపడితే కొందరికి 24 గంటల దాకా కూడా చెయ్యొచ్చు అన్నాయి. అంటే గడియారం చూడ్డం మానేసి పొలం చూడ్డం మొదలెట్టారు. నిద్రలో వచ్చి టైము తెలియని వాళ్ళకి కూడా ఎంఆర్ఐలో గుర్తులు చూసి ఇంజెక్షన్ ఇవ్వొచ్చని అదే ఏడాది ఇంకో ట్రయల్ చెప్పింది, కాబట్టి పాలాయన లేకపోయినా మావయ్యకి ఏదో దారి ఉండేదేమో, ఎంఆర్ఐ ఖాళీగా ఉండి, చదివేవాళ్ళు ఉండి, మేం ముప్పై అయిదు కిలోమీటర్లు విజయవాడ పరిగెత్తక్కర్లేకుండా ఉంటే. మావయ్యకి తీగ పంపలేదు, గడ్డ చిన్న కొమ్మలో ఉంది, ఇంజెక్షన్ చాలు అన్నారు.

ఆ సాయంత్రమే కాలు కదిలింది. మర్నాడు తీసిన సీటీలో ఎడమపక్క చిన్న నల్లమచ్చ. డాక్టరు పెన్ను మూతతో చూపించాడు, ఇది పోయింది, ఇది రాదు, చుట్టూ ఇదంతా పోవాల్సింది, మిగిలింది అని. బొటనవేలి గోరంత మచ్చ. మాటలుండేది అక్కడేనట.

గడ్డ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే గుండెలోంచి. గుండె లయ తప్పి కొట్టుకుంటోంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు, పైగది సరిగ్గా ముడుచుకోక వణుకుతూ ఉంటే రక్తం మూల నిలిచి గడ్డకడుతుంది, అది ఎగిరి మెదడుకి పోయింది. ఏడాదిగా దడగా ఉందిరా అంటూనే ఉన్నాడు, మేం గ్యాస్ అంటూనే ఉన్నాం.

ఇప్పుడు చెప్పబోయేది అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. జనవరిలో, పండగ ముందు, మావయ్య షాపుకొచ్చాడు, ఏదో బ్యాంకు ఫారం నింపుతూ పెన్ను పడేసుకున్నాడు. తీసుకోబోతే వేళ్ళు వినలేదు. "తిమ్మిరెక్కిందిరా" అన్నాడు, మాట కొంచెం ముద్దగా వచ్చింది. నేను కుర్చీ వేసి గోలీసోడా తెప్పించా. పది నిమిషాల్లో మామూలైపోయాడు, నవ్వుతూ సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. అది సోడాకి తగ్గలేదు, గడ్డ తనే కరిగి జారిపోయింది. దాన్ని టీఐఏ అంటారు, ఆ తర్వాత పెద్దది వచ్చే భయం మొదటి రెండ్రోజుల్లోనే బాగా ఎక్కువ, ఆరోజే తీసుకెళ్ళి ఈసీజీ తీయించి ఉంటే ఆ లయ దొరికేదేమో, మందు అప్పుడే మొదలయ్యేదేమో. తగ్గిపోయింది కదా అని వదిలేసింది నేనే. ఆ థీసిస్‌లో దాని మీద ఒక చాప్టర్ మొత్తం ఉంది, టైపు కొట్టింది ఈ చేతులే.

ఇప్పుడు మూడు నెలలు దాటింది. నడుస్తున్నాడు, కుడికాలు కొంచెం ఈడుస్తాడు. చెయ్యే మొరాయించింది. ఫిజియో అమ్మాయి మెత్తటి బంతి ఇచ్చి నొక్కమంటే నేనేమన్నా పసిపిల్లాణ్నా అన్నట్టు విసిరికొట్టాడు. అత్తయ్య ఊరుకోకుండా ఒక చాటలో ఎండుమిరపకాయలు పోసి ముందు పెట్టి తొడిమలు తియ్యమంది. అది మాత్రం పట్టాడు! నలభై ఏళ్ళు వేలితో విరిచి, వాసన చూసి రకం చెప్పిన చెయ్యి, కాయ పట్టుకునేసరికి దానికేదో గుర్తొచ్చినట్టు రెండు వేళ్ళు కలిశాయి. మొదటిరోజు గంటకి పదకొండు కాయలు. నాలుగోరోజు ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాడు, అవి తేజా కాయలు, ఇల్లంతా గోల. ఫిజియో అమ్మాయి తిట్టి పల్లీకాయలకి మార్చింది, ఎడమచేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసి కుడిచేత్తోనే ఒలవాలి, రోజూ కొన్ని గంటలు. బాగున్న చెయ్యి ఖాళీగా ఉంటే మెదడు దాన్నే వాడుకుంటుంది, కట్టేస్తేనే మచ్చ పక్కనున్న కణాలు కొత్త పని నేర్చుకుంటాయి. ఇది చిట్కా కాదు, పరీక్షించి నిలబడ్డ పద్ధతే. నిన్న అరకిలో ఒలిచాడు, సగం తిన్నాడు.

మాట ఇంకా చిక్కే. "అదే" నుంచి చిన్న చిన్న మాటలకొచ్చాడు. అంకెలు వస్తాయి గానీ ఒకటనబోయి ఇంకోటి అంటాడు. పొద్దున పాలాయన రోజూ ఆగి "మావా, తేజా ఎంత" అని అడుగుతాడు, మావయ్య ఆలోచించి ఆలోచించి ఏదో ఒక రేటు చెప్తాడు, ఒకరోజు క్వింటాలు అరవై రూపాయలన్నాడు. అయితే నాకు పది టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తించు అని క్యాను పట్టుకుని వెళ్ళిపోయాడు పాలాయన.

ఇంట్లో ఇప్పుడు గొడవ గోంగూర మీద. ఖర్చు చూసుకుని రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ మొదలుపెట్టాం, రక్తం ఎంత పల్చబడిందో చెప్పే ఐఎన్ఆర్ అనే అంకె రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మందుకి ఎదురు పనిచేస్తుంది, తినొద్దని కాదు, వారంవారం ఒకే మాదిరిగా తినాలి, ఒకవారం మానేసి ఒకవారం గిన్నెడు లాగిస్తే అంకె గంతులేస్తుంది. పోయినసారి 1.6 వచ్చింది. నేను అత్తయ్య వైపు చూశా, అత్తయ్య మావయ్య వైపు చూసింది, మావయ్య పల్లీలు ఒలుచుకుంటూ తల ఎత్తకుండా "అదే" అన్నాడు. ఈసారి ఆ మాటే కావాలని అన్నట్టుంది. సోమవారం మళ్ళీ రక్తం ఇవ్వాలి.